ఆవిడ రాలేదండీ

పెళ్ళికి ఎలా వెళ్ళాలో ఫొటోలాయనకి తెలుసు. ఎలా వెళ్ళకూడదో ఇంకా బాగా తెలుసు. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచి పూర్తిగా నెరిసేదాకా ఆయన బతుకంతా పెళ్ళిళ్ళలోనే గడిచింది. అందరూ వధూవరుల్ని చూస్తుంటే ఆయన కెమెరా వెనక నిలబడి అతిథుల్ని చూసేవాడు. ముందు వరసలో లేచి ఫోను పైకెత్తి, వెనకవాళ్ళకి తన మోచెయ్యి తప్ప మరేమీ కనిపించకుండా చేసేవాళ్ళు. వేదిక ఎక్కి, కింద జనం బారులు తీరి నిలబడి ఉన్నా సరే, పెళ్ళికూతురి చెయ్యి వదలకుండా కాపురం గురించి ఉపన్యాసం దంచేవాళ్ళు. కూర నోట్లో పెట్టుకోకముందే ఉప్పు చాల్లేదని తేల్చేసేవాళ్ళు. అలిగి వెళ్ళిపోతున్నట్టు గుమ్మందాకా వెళ్ళి, ఎవరైనా బతిమాలతారేమోనని చెప్పులు వెతుక్కుంటూ నిలబడేవాళ్ళు. అందరినీ చూశాడు. తను మాత్రం ఒక్క పెళ్ళికీ అతిథిగా వెళ్ళలేదు. సొంత చుట్టాల పెళ్ళయినా భుజాన కెమెరా ఉండేది. పక్కన ఆవిడ ఉండేది.

ఆవిడ లైటు పట్టుకునేది. తెల్ల గొడుగుని తిరగేసి కట్టినట్టుండే లైటు. మనిషి సన్నం, గొడుగు పెద్దది. గాలి గట్టిగా వీస్తే ఆవిడ ఎగిరిపోతుందని పెళ్ళివారు వేళాకోళం చేసేవారు. లైటు పట్టుకోవడంతో ఆవిడ పని అయిపోయేది కాదు. పెళ్ళికొడుకుల కాలర్లు సర్దేది, ఏడుపు మొహాల పిల్లల్ని నవ్వించేది, ఆయన ఎక్కడో పెట్టి మరిచిపోయిన లెన్సు మూత వెతికి చేతిలో పెట్టేది. ఊళ్ళో వాళ్ళిద్దరికీ వేరే పేర్లు లేవు. ఆయన ఫొటోలాయన, ఆవిడ లైటావిడ.

పోయిన వానాకాలంలో ఆవిడ పోయింది. ఆ తర్వాత ఆయన పెళ్ళిళ్ళ పని మానేశాడు. స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాడు. దానికి గొడుగు పట్టే మనిషి అక్కర్లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు నవ్వనూ కూడదు. ఆ పని ఆయనకి బాగానే సరిపోయింది.

ఇప్పుడు బావమరిది కూతురి పెళ్ళి. ఆ పిల్లని అందరూ పిట్ట అంటారు. చిన్నప్పుడు గింజలు ఏరుకున్నట్టు తినేదని మేనత్త పెట్టిన పేరు. పిల్లలు లేని ఫొటోలాయన ఇంట్లో సెలవులన్నీ పిట్టవే. అత్త లైటు గొడుగుని నేల మీద పెట్టి ఇస్తే దాని వెనక దూరి ఇల్లు కట్టుకునేది. ఆ ఇంట్లోకి మావయ్యని రానిచ్చేది కాదు, కాళ్ళు పొడుగని.

ఆవిడ పోయాక రెండిళ్ళ మధ్య రాకపోకలు పలచబడ్డాయి. తగువేమీ లేదు. ఫోన్లు చేసే మనిషి పోయింది, అంతే. తను చేస్తే వాళ్ళు బాధపడతారని ఈయన చేయలేదు. తాము చేస్తే ఈయన బాధపడతాడని వాళ్ళూ చేయలేదు. పెళ్ళి కుదిరాక పిట్ట ఒకసారి స్టూడియోకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "మావయ్యా, నువ్వు తప్పకుండా రావాలి" అంది. "రాకుండా ఎలా ఉంటానమ్మా" అన్నాడు. ఆ పైన నోరు తెరిస్తే ఆవిడ మాటే వచ్చేలా ఉంది. పిట్ట చూపు గోడమీది ఫొటో దాకా వెళ్ళి, చురుక్కుమన్నట్టు వెనక్కి వచ్చేసింది. "బోలెడు పనులున్నాయి మావయ్యా" అంటూ వెళ్ళిపోయింది.

ఆవేళే ఆయన గట్టిగా అనుకున్నాడు. పెళ్ళినాడు తన మూలంగా ఆ పిల్ల కంట నీటి చుక్క రాకూడదు. ఆవిడ ఊసు ఎత్తకూడదు. ఎవరైనా ఎత్తినా మాట మార్చెయ్యాలి. తనని చూసి ఆ హాల్లో ఎవరూ 'పాపం' అనకూడదు. వెళ్ళాలి, వెనక కూర్చోవాలి, అందరితోపాటు చప్పట్లు కొట్టాలి, పెట్టింది తినాలి, చెప్పి రావాలి. మంచి అతిథి అంటే అంతే కదా.

బహుమతి విషయంలో పెద్దగా తడుముకోలేదు. తుడిచి అలమారలో దాచుకునే వస్తువు ఇవ్వకూడదని, వాడి వాడి చింపుకునేది ఇవ్వాలని ఆవిడ అంటూ ఉండేది. మంచి నూలు దుప్పట్ల జత కొన్నాడు. షాపువాడు రంగు కాయితం చుట్టి, పైన రిబ్బను పువ్వు కట్టి, "ఎవరి పేరు రాయమంటారు సార్? మీదీ మేడమ్‌దీనా?" అన్నాడు. "పేరు వద్దులే" అన్నాడు.

పెళ్ళినాడు మరీ ముందుగా బయల్దేరిపోయాడు. హాలు దగ్గరికి చేరేసరికి ఇంకా కుర్చీలు దించుతున్నారు. ఇంటివాళ్ళకంటే ముందొచ్చి కూర్చునే చుట్టం ఎంత బరువో ఆయనకి తెలుసు. అందుకని పొట్లం చంకన పెట్టుకుని ఆ వీధి చివరిదాకా నడిచాడు. టైర్ల షాపువాడు నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. మంగలి షాపులో ఎవరూ లేరు, మంగలే కుర్చీలో కూర్చుని అద్దంలో తన మీసం చూసుకుంటున్నాడు. ఒక మేడ మీద ఎవరో ఆవిడ తడిబట్ట దులిపితే నాలుగు చుక్కలు ఆయన మీద పడ్డాయి. "చూసుకోలేదండీ!" అని పైనుంచి కేక. ఆయన పైకి చూసి చెయ్యి ఊపాడు. ఆ రోజు ఆయనతో మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే.

హాలు గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు. నీళ్ళ మోటార్లు బాగుచేసే షాపు అతనిది. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు పోదు. ఆవేళ కొత్త బట్టల్లో, అత్తరు వాసనలో, గోళ్ళు కనబడకుండా పిడికిళ్ళు మూసుకుని అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు.

"ఏం బావా! కెమెరా లేకపోయేసరికి ఎవరో పెద్దమనిషి అనుకున్నాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు కదూ?"

నిజంగానే తెలియడం లేదు. "జేబుల్లో పెట్టుకుందామంటే ఈ ప్యాంటుకి దర్జీ జేబులు కుట్టలేదోయ్."

"కుట్టే ఉంటాడు. నువ్వు వెతుక్కోవు కదా. అదీ..."

బావమరిది అక్కడ ఆగిపోయాడు. 'అదీ అక్కయ్యే వెతికిపెట్టాలి' అనబోయాడని ఇద్దరికీ తెలుసు. "లోపలికి రా బావా, ఎండలో నిలబడ్డావు" అన్నాడు. గుమ్మంలో ఎండ లేదు.

లోపలికి వెళ్ళి దుప్పట్ల పొట్లం బహుమతుల బల్ల మీద పెట్టాడు. ఎదురుగా ఒక పెద్ద బోర్డు, దానినిండా పిట్ట ఫొటోలు. ఉయ్యాల్లో పిట్ట, బడి సంచీతో పిట్ట, పన్ను ఊడిన పిట్ట, పుట్టినరోజు కేకు ఊదుతున్న పిట్ట. ప్రతి ఫొటో ఆయన తీసిందే. ఏది ఏ పూట తీశాడో, అప్పుడు పక్కన ఎవరున్నారో కూడా గుర్తే. అయితే బోర్డు మీద ఫొటోల వరస కుదురుగా లేదు. మధ్య మధ్య ఖాళీలున్నాయి, అంటించి పీకినట్టు జిగురు మరకలున్నాయి. అత్త ఒళ్ళో కూర్చున్న పిట్ట లేదు. వెనక అత్త సీటు పట్టుకుంటే సైకిల్ తొక్కిన పిట్ట లేదు. ఆవిడ ఉన్న ఫొటో ఒక్కటీ లేదు.

మంచిదే అనుకున్నాడు. ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు. మంచిదే అని మళ్ళీ అనుకున్నాడు. కానీ కాళ్ళు అక్కణ్ణించి కదలడానికి కొంచెం సేపు పట్టింది.

చివరి వరసలో, స్తంభం పక్కన ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. ఏ మూల నుంచి ఫొటో తీసినా అక్కడ కూర్చున్న మనిషి పడడు. ఆ సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? వేదిక దగ్గర ఫొటోలు తీస్తున్నది ఒక అమ్మాయి. చురుకైన పిల్ల. మోకాళ్ళ మీద కూర్చుంటుంది, బల్ల ఎక్కుతుంది, "ఇటు అంకుల్, ఇటు!" అని కేకేస్తుంది. లైటు కొంచెం ఎడమకి జరిపితే బాగుండునని ఒకసారి అనిపించింది. నోరు మూసుకుని కూర్చున్నాడు. అడగని సలహా ఇచ్చే అతిథి గురించి ఆయన దగ్గర చాలా కథలున్నాయి.

"ఖాళీయేనా సార్ ఇది?"

ఒక పెద్దాయన. బట్టతల, గంభీరమైన గొంతు. గుసగుసగా అడిగాననుకున్నాడు గానీ, ముందు మూడు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"కూర్చోండి" అన్నాడు ఫొటోలాయన.

"కూర్చోవాలంటేనే నాకు మొహమాటం సార్. ఉద్యోగమంతా బస్సులో నిలబడి చేసినవాణ్ణి. కండక్టర్ని. ఇప్పటికీ కూర్చుంటే ఎవరో వచ్చి 'అది నా సీటు, లే' అంటారేమోనని ఉంటుంది." కూర్చున్నాడు. "పెళ్ళికొడుకు చిన్నప్పుడు నా బస్సులోనే బడికెళ్ళేవాడు. డ్రైవరు పక్కన కూర్చోపెట్టకపోతే ఏడ్చేవాడు. మీరు ఎవరి తరఫు?"

"అమ్మాయి తరఫు."

"ఏమవుతారు?"

"మేనత్త భర్తని."

"ఓరి బాబో, అంత దగ్గరివాళ్ళు స్తంభం చాటున కూర్చుంటారా? ఇంతకీ ఆవిడేరీ?"

సరిగ్గా అప్పుడే బావమరిది భార్య నవ్వుకుంటూ ఆ వరస పక్కనుంచి వెళుతోంది. కూతురి పెళ్ళిలో ఆ తల్లి ముఖం చక్కగా వెలిగిపోతోంది. ఇప్పుడు ఆ మాట చెబితే ఈ కండక్టరు 'అయ్యో పాపం' అని హాలంతా మోగిస్తాడు.

"ఆవిడ రాలేదండీ" అన్నాడు.

"అరెరే. ఒంట్లో బాలేదా?"

"ఆఁ... కొంచెం."

"ఏమిటి, మోకాళ్ళా?"

"మోకాళ్ళే." ఆవిడకి మోకాళ్ళ నొప్పులు ఉన్నమాట నిజమే. కాబట్టి ఇది పచ్చి అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాడు.

"మా ఆవిడదీ అదే గొడవ సార్. అందుకే ఇంట్లో ఉండిపోయింది. మెట్లు దిగుతూ నన్ను తిడుతుంది, మెట్లు నేనే కట్టించినట్టు."

ఫొటోలాయనకి నవ్వొచ్చింది. "మా ఆవిడ తిట్టదు. 'చూసుకుని దిగండి, చూసుకుని దిగండి' అంటూ నాకు జాగ్రత్తలు చెబుతుంది. దిగేది తను."

అనేశాక ఉలిక్కిపడ్డాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. కండక్టరు మాత్రం తల ఊపి, "ఆడవాళ్ళంతే సార్" అన్నాడు. అంతే. ఎవరూ తల దించుకోలేదు, ఎవరూ ఆయన భుజం తట్టలేదు.

"ఇప్పుడు ఒక్కరే ఉన్నారా ఇంట్లో?"

"ఒక్కతే. ఈపాటికి కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. వీధిలో పోయేవాళ్ళ నడకలు చూస్తుంది. నడక చూసి మనిషి సంగతి చెప్పేస్తుంది."

"నా నడక చూస్తే ఏమంటారో!"

"మిమ్మల్నా? పడకుండా నిలబడ్డం బాగా తెలిసిన మనిషి అంటుంది."

కండక్టరు పగలబడి నవ్వాడు. ముందు వరసలవాళ్ళు మళ్ళీ వెనక్కి చూశారు.

వేదిక మీద పెళ్ళి మొదలైంది. ఇద్దరూ ఒకరికొకరు మాట ఇచ్చుకుంటుంటే పిట్ట గొంతు మధ్యలో సన్నబడింది, మళ్ళీ నిలదొక్కుకుంది. కంట నీరు లేదు. ఫొటోలాయన అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. కొడుతూనే, ఇల్లు చేరాక ఇదంతా ఆవిడకి చెప్పాలని అనుకున్నాడు. అనుకున్నాక చేతులు కాసేపు ఆగాయి.

భోజనాల దగ్గర కూడా కండక్టరు ఆయన పక్కనే కూర్చున్నాడు. మంచి అతిథిగా ఉందామని మొదలుపెట్టిన అబద్ధం అప్పటికి ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆవిడ కారం తినదని, వేడివేడిగా ఉంటే తప్ప అన్నం ముట్టదని, నిద్రలో ఎవరికో దారి చెబుతూ ఉంటుందని చెప్పాడు. దాదాపు ఏడాదిగా ఒక్క మనిషితోనూ ఆయన ఇంత మాట్లాడలేదు. మనుషులు లేక కాదు. వచ్చినవాళ్ళంతా అద్దాలు పరిచిన నేల మీద నడుస్తున్నట్టు వచ్చి, 'ధైర్యంగా ఉండండి' అని, మునివేళ్ళ మీద వెళ్ళిపోయారు. ఆవిడ ఎలాంటి మనిషని ఎవరూ అడగలేదు. ఈ కండక్టరు అడుగుతున్నాడు. అడగడానికి ఆయనకి అడ్డేమీ లేదు. మొత్తం లోకంలో ఈ కండక్టరొక్కడి లెక్కలో ఆవిడ ఈ క్షణాన కిటికీ పక్కన కూర్చుని ఉంది.

చెప్పడం ఆపాలని తెలుసు. ఆపలేకపోయాడు.

"ఇదిగో బాబూ, ఈయనగారి ఇంటావిడకి ఒక పొట్లం కట్టు" అని కండక్టరు వడ్డించేవాడిని కేకేశాడు. "కారం లేనివి చూసి కట్టు."

ఫొటోలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దండీ, వద్దు. ఎందుకండీ శ్రమ." దూరంగా బావమరిది భార్య ఎవరికో మంచినీళ్ళు అందిస్తోంది. ఆ మాట ఆ తల్లి చెవిన పడితే? అక్కణ్ణించి పిట్ట చెవిన పడితే? చెయ్యి కడుక్కుని, బావమరిదికి చెప్పి, వెంటనే బయటపడాలని లేచాడు. ఇక అదే మర్యాద అనుకున్నాడు.

హాల్లోకి వచ్చేసరికి వేదిక మీదనుంచి ఫొటోల అమ్మాయి కేక వినబడింది. "ఇంటివాళ్ళు మాత్రం! ఇంటివాళ్ళు మాత్రం రండి!"

ఈ కేక ఆయన జీవితమంతా వేశాడు. ఇది వినగానే జనంలో కొందరు చకచకా మెట్లెక్కేస్తారు, కొందరు కుర్చీల్లో వెనక్కి ఆనతారు. మధ్యలో ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. ఒక అడుగు ముందుకు వేసి, ఆగి, జేబురుమాలు కోసమో చెప్పుల కోసమో చూసుకుంటున్నట్టు నటిస్తారు. ఇప్పుడు ఆయన కాలు ఒకటి ముందుకు పడి ఆగింది. ఆవిడ ఉంటే ఈ అనుమానమే పుట్టేది కాదు. ఆవిడ లేకపోతే తను ఆ ఇంటికి ఏమవుతాడు? ఆలోచించాడు. గుమ్మంకేసి తిరిగాడు.

"ఓ అమ్మాయ్! ఆగాగు!" వెనకనుంచి, బస్సు ఆపే గొంతు. "ఈయన్ని వదిలేసి పోతున్నారేం? పెళ్ళికూతురి మేనత్త భర్త కదా! ఆవిడ మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో ఉండిపోయారట, పాపం! ఈయన్నైనా ఎక్కించుకోండి!"

హాలు ఒక్కసారిగా చప్పబడిపోయింది. బావమరిది భార్య చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. బావమరిది మొహంలో రక్తం లేదు. ఏ మాట వినబడకూడదని అనుకున్నాడో ఆ 'పాపం' స్తంభాలకి కొట్టుకుని ఇంకా మోగుతూనే ఉన్నట్టుంది. కండక్టరు ఏదో తేడా జరిగిందని పసిగట్టి, అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

పిట్ట బట్టల అంచు ఎత్తి పట్టుకుని వేదిక దిగింది. నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది.

"మోకాళ్ళ నొప్పులా మావయ్యా?"

"తప్పయిపోయింది తల్లీ. 'రాలేదు' అంటే సరిపోతుందనుకున్నాను. ఈయన మోకాళ్ళదాకా తీసుకొచ్చాడు." ఆగాడు. ఇంకేదైనా చెప్పి తప్పించుకోవాలని చూశాడు గానీ, నిజం తప్ప ఏదీ నోటికి రాలేదు. "పోయిందంటే ఈయనా నోరు మూసుకునేవాడమ్మా. ఒంట్లో బాలేదంటే, ఏం తింటుంది, ఏం చేస్తూ ఉంటుంది అని అడిగాడు. నన్నెవరూ అడిగి చాలా రోజులైంది. ఆపాలనిపించలేదు."

కండక్టరు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

పిట్ట నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే కళ్ళు నిండి, చెంపల మీద రంగు చారలు కట్టింది. "నేను పొద్దున్నుంచి ఎలా బిగబట్టుకున్నానో తెలుసా? నువ్వొస్తావని. నిన్ను చూసి నేనేడిస్తే, నన్ను చూసి నువ్వేడుస్తావని. అత్త ఫొటోలన్నీ పీకి నా పెట్టెలో పెట్టేశాను. గుమ్మంలోనే చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోతావేమోనని."

"నేనే తియ్యమన్నాను బావా" అన్నాడు బావమరిది, మూసుకున్న పిడికిళ్ళు విప్పుతూ.

"అన్నయ్యగారి దగ్గర వదిన మాట ఎత్తొద్దని వచ్చినవాళ్ళందరికీ నేను చెప్పాను" అంది అతని భార్య. "ఈ పెద్దాయనకి ఒక్కరికే చెప్పలేదు."

పిట్ట ముక్కు ఎగబీల్చింది. "అయితే అందరం కలిసి అత్తని పెళ్ళికి రానివ్వలేదన్నమాట. తనుంటే మనందరినీ కడిగేసేది."

"ముందు నీ కాటుక కడిగేది" అన్నాడు ఫొటోలాయన. "ఇంత దట్టంగా ఎవరు పెట్టారే నీకు?"

పిట్ట ఈసారి గట్టిగా ఏడ్చింది. ఆయన భుజం మీద తల పెట్టి, చుట్టూ ఎవరున్నారో చూడకుండా ఏడ్చింది. ఆయన అనుకున్నదానికి పూర్తిగా ఎదురు జరిగింది. అయినా ఆ ఏడుపులో ఆయనకి భయపడాల్సిందేమీ కనబడలేదు. చాలా దూరం మోసుకొచ్చిన బరువు దించుకున్న మనిషి నిట్టూర్పులా ఉందది. వేదిక మీద ఫొటోల అమ్మాయి కెమెరా దించేసి, బ్యాటరీ మార్చుకుంటున్నట్టు వెనక్కి తిరిగి నిలబడింది. అలాంటి ఫొటో చేతికందితే వదులుకోవడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు. ఆ పిల్ల వదులుకుంది.

పెట్టెలోంచి ఫొటోలు తెచ్చారు. పెళ్ళికొడుకు స్వయంగా జిగురు టేపు పళ్ళతో కొరికి ముక్కలు చేసి ఇస్తుంటే, పిట్ట ఖాళీల్లో అత్తని అంటించింది. పుట్టినరోజు ఫొటో ముందు ఆగి, "అత్త పుట్టినరోజు ఫొటోల్లో ఎప్పుడూ పడేదే కాదు" అంది.

"ఎందుకు పడలేదు? ఇదిగో." ఆయన కేకు ఊదుతున్న పిట్ట ఫొటో దగ్గరికి వెళ్ళాడు. "నీ కళ్ళలో చూడు. నల్లగుడ్డు మీద తెల్ల చుక్క లేదూ?"

పిట్ట మొహం దగ్గరగా పెట్టి చూసింది. "ఉంది. రెండు కళ్ళలోనూ ఉంది."

"అదే గొడుగు. గొడుగు వెనక మీ అత్త."

పిట్ట వేలు ఆ చుక్క మీదే ఉండిపోయింది. వెనకనుంచి బావమరిది తొంగి చూశాడు. అతని భార్య చూసింది. తర్వాత ఉయ్యాల్లో ఉన్న పిట్ట కళ్ళలో వెతికారు, పన్ను ఊడిన పిట్ట కళ్ళలో వెతికారు. ఇంట్లో తీసిన ప్రతి ఫొటోలోనూ ఉంది.

ఇంటివాళ్ళ ఫొటోలో ఆయన్ని పిట్ట పక్కనే నిలబెట్టారు. "అంకుల్, గడ్డం కొంచెం కిందికి. కళ్ళద్దాలు మెరుస్తున్నాయి. అంకుల్, కళ్ళు మూయకండి!" ఫొటోల అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా ఆయన కళ్ళు మూస్తూనే ఉన్నాడు. చివరికి బావమరిది, "బావా, పాస్‌పోర్టు అనుకో" అన్నాడు. ఆ నవ్వులో కళ్ళు తెరిచిన ఫొటో ఏదో ఒకటి పడింది.

ఉండమని బలవంతం చేశారు. కుర్చీలు సర్దేదాకా కూర్చునే చుట్టంగా ఉండడం ఆయనకి ఇష్టం లేదు. పిట్ట తల మీద చెయ్యి పెట్టి, మళ్ళీ వస్తానని చెప్పి, బయటికి వచ్చాడు. పొద్దు వాలుతోంది. బస్సు స్టాపులో కండక్టరు ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఈయన్ని చూడగానే తల తిప్పుకున్నాడు.

"మొహం ఎలా చూపించను సార్? నా గొంతు నా కొంప ముంచుతుందని మా ఆవిడ చెబుతూనే ఉంటుంది."

"మీ గొంతు మంచే చేసింది."

"తెలిసుంటే ఒక్క మాట అడిగేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు."

కండక్టరు బస్సు వస్తోందేమోనని రోడ్డుకేసి చూశాడు. తర్వాత, ఎన్నడూ లేనంత నెమ్మదిగా, "అయితే ఆ నిద్రలో దారి చెప్పడం... నిజమేనా?" అన్నాడు.

"నిజమే. 'ఎడమకి తిరగండి, అక్కడ ముగ్గుంది, తొక్కకండి' అనేది. ఎవరికి చెప్పేదో!"

"వంట బాగా చేసేవారా?"

"ఎక్కడ బాగా? ఉప్పు వెయ్యడం మరిచిపోయేది. అడిగితే, 'మీరు మాత్రం రీలు ఎక్కించకుండా ఒక పెళ్ళంతా తియ్యలేదూ?' అనేది."

"తీశారా?"

"తీశాను."

బస్సొచ్చి ఆగింది. కండక్టరు ఎక్కలేదు. అలవాటైన చేత్తో దాని ఒంటి మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్, పోనీ!" అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. "ఇంకోటి వస్తుందిలెండి. ఆ పెళ్ళివాళ్ళు ఏమన్నారు? చెప్పండి."

ఆయన చెప్పాడు. ఆ పెళ్ళివాళ్ళ కాళ్ళావేళ్ళా పడి మర్నాడు అందరికీ మళ్ళీ అవే బట్టలు కట్టించి ఆవిడ ఎలా నిలబెట్టిందో, వాడిన పూలకి నీళ్ళు చల్లి ఎలా నమ్మించిందో మొత్తం చెప్పాడు. ఇంకో బస్సొచ్చింది. ఈసారి కండక్టరు ఎక్కాడు. ఇంట్లో ఆయన కోసం ఒకావిడ ఎదురుచూస్తోంది. కిటికీలోంచి చెయ్యి ఊపి, మలుపు తిరిగేదాకా తల బయటే పెట్టి ఉంచాడు.

ఫొటోలాయన ఇంటికి నడిచి వెళ్ళాడు. దీపాలు వెలిగిన ఇళ్ళు, మూసేస్తున్న షాపులు, ఎవరి తొందరలో వాళ్ళు పోయే మనుషులు. సందు మొదట్లో ఒక సైకిల్ కుర్రవాడు బెల్లు కొట్టకుండా పక్కకి తప్పుకుని, వింతగా చూసుకుంటూ వెళ్ళాడు. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, పెదాలు కదులుతున్నాయి. పూలకి నీళ్ళు చల్లాక పెళ్ళికొడుకు తుమ్మిన సంగతి ఇంకా మిగిలి ఉంది. ఇల్లు వచ్చింది. తాళం తియ్యకుండా గుమ్మంలో నిలబడి, అది కూడా పూర్తి చేశాడు.